రెండు కాన్పుల పాటు రాసిన కొబ్బరి నూనె: చారలకు పనిచేసిందా?

దురదకి పూర్తి మార్కులు, చారలకి (స్ట్రెచ్ మార్క్స్‌కి) సున్నా. ఎందుకో చెప్తాను.

మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఐదో నెల దాటగానే పొట్ట మీద ఒకటే దురద. ‘గోళ్ళతో గోకకే, చారలు పడతాయి’ అని అమ్మ వెంటపడేది. గానుగ కొబ్బరి నూనె పంపింది. స్నానం చేశాక ఒళ్ళు ఆరకముందే, ఆ తడి మీదే పల్చగా రాసుకునేదాన్ని. పొడి ఒంటికి రాస్తే జిడ్డు పైపైనే ఉంటుంది, తడి మీద రాస్తే చర్మంలో తేమ నిలుస్తుంది. నాలుగు రోజులు తిరక్కుండానే నిద్ర పట్టింది. చలికాలంలో గడ్డకడుతుంది, సీసాని వేడి నీళ్ళ గిన్నెలో పెట్టాలి. బట్టలకి మరకలు మామూలే, పాత నైటీలు దగ్గర పెట్టుకోండి.

ఒక్క జాగ్రత్త. దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్ళు రాత్రిళ్ళు బాగా దురద పెడితే నూనె రాసి ఊరుకోకండి. కాలేయం సమస్య కావచ్చు, వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

ఇక చారలు. ఎనిమిదో నెలలో బొడ్డు కింద, తొడల పక్కన ఊదా రంగులో వచ్చేశాయి. గోకడానికీ వీటికీ సంబంధం లేదు. చర్మం లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులుంటాయి. ఒళ్ళు త్వరగా సాగి, దానికి హార్మోన్లు తోడైతే అవి తెగుతాయి. పైన రాసిన నూనె వాటిని అతకలేదు. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012 సమీక్షలో ఆరు అధ్యయనాలు, 800 మంది గర్భిణుల వివరాలు కలిపి చూస్తే, చారలు రాకుండా ఆపడంలో ఏ పూతకీ చెప్పుకోదగ్గ ఫలితం కనబడలేదు. వంశంలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. అమ్మకీ అక్కకీ ఉన్నాయి, నన్నొక్కదాన్నే వదిలేస్తాయా!

రెండో కాన్పుకి ఖరీదైన బ్రాండు నూనె కూడా రాశాను. వాసన బాగుంది. అంతే.

కాన్పయ్యాక ఊదా రంగు మెల్లగా వెలిసి తెల్లటి గీతలుగా మిగిలాయి. అది నూనె మహిమ అనుకునేదాన్నే, ఏదీ రాయని మా తోడికోడలికీ అలాగే వెలవకపోతే. చారలు ఎర్రగా ఉన్నప్పుడు ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం మందు) క్రీమ్ కొంత పనిచేస్తుందట, కానీ కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. తెల్లబడ్డాక లేజర్ పెట్టినా పల్చబడతాయే గానీ పూర్తిగా పోవు. పైగా చామనఛాయ ఒంటికి నల్లమచ్చలు పడే ప్రమాదం. నాకంత అవసరం అనిపించలేదు.

మా మరిదికి మాత్రం చారలు వేరే దారిలో వచ్చాయి. గజ్జల్లో తామరకి మందుల షాపులో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ నెలల తరబడి రాశాడు. తామర పోలేదు, తొడల మీద వెడల్పాటి ఎర్ర చారలు మిగిలాయి. ట్యూబు మీద క్లోబెటసాల్ అనో బెటామెథసోన్ అనో (ఇవి స్టెరాయిడ్లే) ఉంటే డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు.

కొబ్బరి నూనె ఇప్పటికీ తెప్పిస్తున్నాను, పగిలిన మడమలకీ పిల్లల కాళ్ళకీ. పొట్టకి రాయడం మానేశాను.