ఆంటీవైరస్ ఆపేయడమా, ఆ ఒక్క ఫైలును వదిలేయమనడమా?

"తెలుగు కీబోర్డు టూల్ వేసుకుంటుంటే వైరస్ అంటోంది, డిఫెండర్ ఆపేయమంటారా?" డీటీపీ పనిచేసేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఇదే. డిఫెండర్ అంటే విండోస్‌తోనే వచ్చే ఆంటీవైరస్.

ఇలాంటి టూల్స్‌ను అనుమానించడంలో డిఫెండర్ తప్పు పెద్దగా లేదు. మనం నొక్కే ప్రతి మీటనూ మధ్యలో పట్టుకుంటేనే అవి తెలుగు అక్షరం ఇవ్వగలవు. పాస్‌వర్డులు కాజేసే కీలాగర్ చేసేదీ అదే. పైగా ప్రోగ్రామ్ ఎవరు చేశారో రుజువు చేసే డిజిటల్ సంతకాన్ని చిన్న డెవలపర్లు చాలామంది డబ్బు పెట్టి కొనరు.

ఆపేస్తే ఇన్‌స్టాల్ అవుతుంది, నిజమే. కానీ రియల్‌టైమ్ ప్రొటెక్షన్ (ఎప్పటికప్పుడు ఫైళ్లను చూసే కాపలా) కాసేపటికి తనంతట తనే ఆన్ అవుతుంది. అప్పుడు ఇన్‌స్టాల్ అయిన ఫైలునే పట్టుకెళ్లి క్వారంటైన్‌లో, అంటే పనిచేయకుండా విడిగా, పడేస్తుంది. ఈలోగా మిగతా వాటన్నిటికీ తలుపు బార్లా తెరిచినట్టే.

నా ఓటు ఎక్స్‌క్లూజన్‌కే (దీన్ని చూడొద్దని డిఫెండర్‌కు చెప్పే మినహాయింపు), అదీ ఒక్క ఫైలుకు. అసలు తేడా అంతా ఇక్కడే ఉంది: పని అయిపోయాక ఏం మిగిలిపోతుంది? నేనొకసారి డౌన్‌లోడ్స్ ఫోల్డరు మొత్తాన్ని చేర్చేసి మరిచిపోయాను. నెలల తరబడి అందులో పడ్డ ఏ ఫైలునూ డిఫెండర్ చూడనే లేదు. 'ప్రాసెస్' అని ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. దాంతో ఆ ప్రోగ్రామ్ తెరిచే ఫైళ్లకు మినహాయింపు వస్తుంది తప్ప ప్రోగ్రామ్‌కు రాదు. 'ఫైల్' ఎంచుకోండి, టూల్ తీసేసిన రోజున దాన్నీ తీసేయండి.

అంతకంటే ముందు, ఒకే ఫైలును చాలా ఆంటీవైరస్‌లతో పరీక్షించే వైరస్‌టోటల్ సైటులో వేసి చూడాలి. అక్కడి డెబ్బై దాకా ఆంటీవైరస్ ఇంజిన్లలో ఒకటి రెండే అరిచి, అవి చెప్పే పేరు చివర '!ml' లాంటిది ఉంటే అది మెషీన్ లెర్నింగ్ అంచనా, చాలాసార్లు పొరపాటే. పది ఇంజిన్లు అరిస్తే వదిలేయండి. (సొంత పత్రాలు మాత్రం అక్కడ ఎక్కించకండి, వేరేవాళ్ల చేతికీ వెళ్తాయి.) డెవలపర్ హ్యాష్ (ఫైలుకు వేలిముద్ర లాంటి కోడ్) ఇస్తే, విండోస్‌లోనే ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్‌తో సరిచూసుకోవచ్చు. అయితే అన్నీ సరిపోయినా పూర్తి భరోసా లేదు: 2017లో కంప్యూటర్‌లోని చెత్త ఫైళ్లు తీసేసే సీక్లీనర్ టూల్ 5.33 వెర్షన్ అధికారిక సైటు నుంచే, సరైన సంతకంతోనే మాల్వేర్‌ను మోసుకొచ్చింది.

డిఫెండర్ పొరపాటున పట్టుకుందనిపిస్తే ఆ ఫైలును మైక్రోసాఫ్ట్‌కు పంపొచ్చు, పరిశీలించి పొరపాటైతే సరిచేస్తారు, కాస్త ఓపిక కావాలి. దీనికోసం ఆంటీవైరస్ మార్చడం దండగ.

క్రాక్ చేసిన టైపింగ్ సాఫ్ట్‌వేర్ సంగతి మాత్రం నన్నడగొద్దు. అక్కడ డిఫెండర్ అరిస్తే నేను డిఫెండర్ మాటే నమ్ముతాను.