హెర్మన్ తాబేలు పిల్లకి అమర్చిన ఇల్లు: నాలుగో ఏట నా సమీక్ష

మా ఇంట్లో పెరుగుతున్నది హెర్మన్ తాబేలు. స్పెయిన్, ఇటలీ, బాల్కన్ దేశాల పొదల్లో తిరిగే మెట్ట తాబేలు జాతి ఇది. గుడ్డులోంచి వచ్చిన కొద్ది నెలలకే ఇంగ్లండ్‌లోని మా ఇంటికొచ్చింది. అప్పుడది నిమ్మకాయంత ఉండేది. ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తోంది, డిప్ప నున్నగా, గట్టిగా పెరిగింది. దాని కోసం ఏమేం కొన్నామో, వాటిలో ఏవి పనికొచ్చాయో, ఏవి ఇన్నేళ్ళ వాడకానికి తట్టుకోలేదో రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పిల్ల తాబేలు ఆరోగ్యమంతా కింద మట్టిలో ఉండే తేమ మీద, పైన వెలిగే యూవీబీ ట్యూబు (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు) మీద ఆధారపడి ఉంటుంది. ఆ రెండూ సరిగ్గా కుదిరితే మిగతా సామాను చవకదైనా నడిచిపోతుంది.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్ళు ఇది చూసి నక్షత్ర తాబేలును తెచ్చుకోవద్దని నా విన్నపం. రాయలసీమ మెట్టల్లో కూడా కనిపించే ఆ తాబేలును ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం మొదటి అనుబంధంలోకి కూడా 2019లో అది చేరింది. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని చెప్పి అమ్మేవాళ్ళు ఉంటారు, వాళ్ళ దగ్గరున్నవి దాదాపుగా అడవి నుంచి ఎత్తుకొచ్చినవే. ఇక్కడ బ్రిటన్‌లో హెర్మన్ తాబేలును కొనాలన్నా అమ్మాలన్నా ఆర్టికల్ 10 సర్టిఫికెట్ (ఆ తాబేలును అమ్మడానికి ఇచ్చే అధికారిక అనుమతి పత్రం) ఉండాలి. ఆ కాగితం చూపించలేని వాళ్ళ దగ్గర కొనకూడదు.

మా పిల్లను ఇంట్లోనే గుడ్లు పొదిగించే ఒక పెద్దావిడ దగ్గర తీసుకున్నాం. తీసుకునే ముందు రెండు మూడు షాపుల్లో సామాను చూశాం. ఒకచోట 'స్టార్టర్ కిట్' అని ఒక పెట్టె ఇవ్వబోయారు. చిన్న చెక్క బల్ల (పైన మూత లేని తొట్టి లాంటిది), సంచీడు సున్నపు ఇసుక, వేలెడు ఎర్ర బల్బు, ఎండు గుళికల డబ్బా. అందులో పిల్ల తాబేలుకి పనికొచ్చేది ఒక్కటి కూడా లేదు. ఇసుక తిండితో పాటు లోపలికి పోతే పేగుల్లో అడ్డం పడుతుంది. ఎర్ర బల్బులో యూవీబీ ఉండదు. గుళికలు తిన్న పిల్ల అవసరానికి మించి వేగంగా పెరుగుతుంది. పైన తెరిచి ఉన్న బల్ల పెద్ద తాబేళ్ళకి బాగానే ఉంటుంది కానీ, పిల్లలకి అందులో గాలి మరీ పొడిగా ఉంటుంది.

ఈ పొడి గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. పెంపుడు తాబేళ్ళ డిప్ప మీద పలకలు ఒక్కొక్కటీ గోపురంలా పైకి లేచి ఉండడం చాలామంది చూసే ఉంటారు. దాన్ని పిరమిడింగ్ అంటారు. ప్రొటీన్ ఎక్కువ పెట్టడం వల్లే ఇలా అవుతుందని ఎన్నో ఏళ్ళు అనుకునేవారు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన వీస్నర్, ఈబెన్ ఆఫ్రికాకు చెందిన సల్కాటా అనే తాబేలు జాతి పిల్లల మీద చేసిన పరిశీలనను 2003లో ప్రచురించారు. పొడి గాలిలో పెరిగిన పిల్లల డిప్పలే ఎక్కువ ఎగుడుదిగుడుగా వచ్చాయని, ప్రొటీన్ ప్రభావం చాలా తక్కువని అందులో తేలింది. అడవిలో పిల్ల తాబేలు పగలంతా ఎండలో కూర్చోదు. ఎక్కువసేపు గడ్డి మొదళ్ళలో, ఆకుల కింద, చెమ్మ నేలలో దూరి ఉంటుంది. మనం కట్టే ఇంట్లో ఆ చెమ్మ దొరకాలి. చలికాలంలో హీటింగ్ వేసిన ఇంగ్లండ్ గదిలో గాలి తేమ తరచూ 40 శాతం దగ్గరే ఆడుతుంది. అందులో తెరిచిన బల్ల పెట్టి, పైన వేడి బల్బు వేలాడదీస్తే పిల్ల ఎండిపోతుంది.

అందుకే మేము ముందువైపు జరిపే అద్దాలున్న మూసిన చెక్క పెట్టె తీసుకున్నాం. 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు. ఇంత చిన్న పిల్లకి ఇంత పెద్దది దేనికి అని అందరూ అడిగారు. ఒక చివర వేడి, ఇంకో చివర చల్లదనం ఉండాలంటే ఆ పొడవు కావాలి. చిన్న పెట్టెలో బల్బు వేస్తే మొత్తం ఒకే వేడిగా మారిపోతుంది, పిల్లకి తప్పుకునే చోటుండదు. అద్దం కింది భాగానికి లోపలి నుంచి గోధుమరంగు స్టిక్కర్ అంటించాం. తాబేలుకి అద్దం అడ్డంగా ఉందని అర్థం కాదు, బయటికి వెళ్దామని దాన్నే గోకుతూ రోజంతా అలిసిపోతుంది. స్టిక్కర్ వేశాక ఆ గోకుడు లేదు.

పెట్టె మీద నా ఫిర్యాదు ఒకటుంది. లోపలి అతుకులన్నిటికీ అక్వేరియం సిలికాన్ పట్టించినా, రెండో ఏటికల్లా వెనక మూలలో చెక్క ఉబ్బిపోయింది. ఇది గట్టి కలప కాదు, పైన ప్లాస్టిక్ పొర ఉన్న పొట్టు చెక్క. తడి మట్టి పెట్టుకోవడానికే అమ్మే పెట్టెలో ఇలా జరగకూడదు. ఇప్పుడు కొనేవాళ్ళు డబ్బు కొంచెం ఎక్కువైనా పీవీసీ పెట్టె చూసుకోండి. అది కుదరకపోతే చెక్క పెట్టె లోపల మందమైన పాండ్ లైనర్ (తోట కొలనుల అడుగున పరిచే నీరు దిగని షీటు) పరిచి, అంచుల దాకా పైకి లాగండి. మేము ప్రస్తుతం అలాగే నడిపిస్తున్నాం.

కింద పరిచేది అన్నిటికన్నా చవక, అన్నిటికన్నా ముఖ్యం. ఎరువు కలపని తోట మట్టి మూడు పాళ్ళు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్ళు, 8 నుంచి 10 సెంటీమీటర్ల మందం. నీళ్ళు పైన చల్లము, నాలుగు మూలల్లో పోస్తాము. నీరు అడుక్కి దిగి అక్కడి నుంచి మెల్లగా తేమ పైకి వస్తుంది, పై పొర మాత్రం పొడిగానే ఉంటుంది. పైభాగం ఎప్పుడూ తడిగా ఉంటే డిప్ప అడుగున కుళ్ళు పట్టే ప్రమాదం ఉంది. ఇలా చేస్తే చల్లని చివర తేమ 70 నుంచి 80 శాతం మధ్య నిలుస్తుంది. దీన్ని కొలవడానికి డిజిటల్ హైగ్రోమీటర్ వాడండి. అంటించుకునే గుండ్రటి ముల్లు మీటర్లు చూడ్డానికి బాగుంటాయి, కానీ రెండు పక్కపక్కన పెడితే రెండూ రెండు అంకెలు చూపిస్తాయి.

ఇక లైట్లు. యూవీబీకి ఆర్కేడియా వాళ్ళ టీ5 ట్యూబు, 12 శాతం యూవీబీ రకం, వెనక రిఫ్లెక్టర్ ఉన్నది వాడుతున్నాం. ఇన్నేళ్ళలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునే వస్తువు ఇదే. ఎండ లేనిదే తాబేలు ఒంట్లో విటమిన్ డి3 తయారవదు, అది లేనిదే తిన్న కాల్షియం ఎముకకి చేరదు, డిప్ప మెత్తబడిపోతుంది. కిటికీ పక్కన పెడితే చాలదా అని చాలామంది అడుగుతారు. కిటికీ అద్దం యూవీబీని ఆపేస్తుంది, లోపలికి వచ్చేది వెలుతురు, వేడి మాత్రమే. మెలికలు తిరిగిన చిన్న కాంపాక్ట్ బల్బుల కన్నా పొడుగు ట్యూబు నయం, వెలుగు సమంగా పరుచుకుంటుంది. పిల్లను మాకిచ్చిన పెద్దావిడ దగ్గర యూవీ సూచీని చూపించే సోలార్‌మీటర్ 6.5 అనే పరికరం ఉంటే తీసుకొచ్చి కొలిచాం. ట్యూబును డిప్పకి 35, 40 సెంటీమీటర్ల ఎత్తులో బిగిస్తే యూవీ సూచీ 3 పైనే వచ్చింది. ఈ జాతికి ఎండ కాగే చోట అంత చాలు. ట్యూబు వెలుగుతూనే ఉన్నా దానిలో యూవీబీ తగ్గిపోతూ ఉంటుంది, కంటికి తెలియదు. అందుకే ఏడాదికోసారి మారుస్తాం. మారుస్తూ పాతదాని మీద తేదీ రాసి ఉంచుకోవడం మంచి అలవాటు.

వేడికి 75 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బు. ఫ్లడ్ అనే మాట చూసి కొనండి. స్పాట్ బల్బు డిప్ప మధ్యలో ఒకే చోట కాలుస్తుంది, అక్కడి పలక ఎండిపోతుంది. బల్బు కింద వేడి 33 నుంచి 35 డిగ్రీలు, అవతలి చివర 20, 22. వేడిని బట్టి బల్బును తగ్గించే డిమ్మింగ్ థర్మోస్టాట్ లేకుండా ఏ బల్బూ వెలిగించొద్దు. మూసిన పెట్టెలో వేడి ఎంత త్వరగా పెరుగుతుందో ఊహకి అందదు. వేడీ యూవీబీ రెండూ కలిపి ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బును డిమ్ చేయడం కుదరదు, పైగా గాలిని బాగా ఆరబెడుతుంది. పిల్లలకి దాన్ని నేను సిఫారసు చేయను. పెట్టె అడుగున పెట్టే హీట్ మ్యాట్ కూడా వద్దు. తాబేలు వేడిని పైనుంచి తీసుకునే ప్రాణి, వేడెక్కినప్పుడు చల్లదనం కోసం నేలలోకే దూరుతుంది. ఆ నేలే వేడిగా ఉంటే ఎక్కడికి పోతుంది? రాత్రి అన్ని లైట్లూ ఆపేస్తాం. గది 15 డిగ్రీల కన్నా కిందికి పోనంత వరకు దానికి ఇబ్బంది లేదు.

"ఇంతోటి పిల్లకి పొద్దస్తమానం ఇంత కరెంటా?" అని మా అమ్మ ఫోన్లో అడిగింది. రెండు లైట్లూ కలిపి పన్నెండు గంటలకి రోజుకి ఒకటిన్నర యూనిట్ లోపే. యూనిట్ పాతిక పెన్సు చొప్పున లెక్కేసుకుంటే నెలకి పది, పదకొండు పౌండ్లు. ఈ ఖర్చు ఏళ్ళ తరబడి ఉంటుందని ముందే తెలిసి దిగాలి.

లోపలి సామానులో డబ్బు పెట్టి కొన్నది తక్కువ. నీళ్ళకి మట్టి మూకుడు, మట్టి మట్టానికి పూడ్చి పెట్టాం. బల్బు కింద ఒక పలక రాయి. దాని మీదే ఆకులు పెడతాం, మట్టి అంటదు, గోళ్ళు కూడా అరుగుతాయి. చల్లని చివర సగం కోసిన దుంగ, దాని కింద తడి నాచు. మొదటి ఏడాది పిల్ల దాదాపు అక్కడే బతికింది. తాబేలు కనిపించట్లేదని మా పిల్లలు బెంగపడేవారు, దాని స్వభావమే అంత. ఒక జాగ్రత్త మాత్రం మరిచిపోకండి: బల్బు కింద అది ఎక్కి జారిపడే రాళ్ళు ఉంచొద్దు. వెల్లకిలా పడి తిరగలేకపోతే ఆ వేడికి కొద్దిసేపట్లోనే ప్రాణం పోతుంది.

మొదట్లో రోజూ గోరువెచ్చని నీళ్ళలో, గడ్డం దాకా వచ్చేట్టు, పదిహేను నిమిషాలు ఉంచేవాళ్ళం. పెద్దయ్యాక వారానికి రెండు మూడుసార్లకి తగ్గించాం. ఆ నీళ్ళలో విసర్జించే తెల్లటి పదార్థం మెత్తగా ఉంటే నీరు సరిపోతున్నట్టు, ఇసుకలా గరుకుగా ఉంటే చాలట్లేదన్నట్టు. ఏ మీటరూ చెప్పలేని సంగతి ఇది. తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, తాబేళ్ళ దగ్గర సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉంటుంది.

తిండికి డాండిలియన్, ప్లాంటెయిన్ (అరటి కాదు, ఆ పేరున్న కలుపు మొక్క) ఆకులు, మాలో (mallow) అనే మొక్క, మందార ఆకులూ పువ్వులూ, ముళ్ళు తీసిన నాగజెముడు. పాలకూర, పండ్లు పెట్టం. ఏ మొక్క మంచిదో చూడ్డానికి 'ది టార్టాయిస్ టేబుల్' అనే వెబ్‌సైట్ వాళ్ళ మొక్కల జాబితా ఎంతో ఉపయోగపడింది. కాల్షియం పొడి కొద్దిగా చల్లుతాం, కటిల్‌ఫిష్ ఎముక ఎప్పుడూ ఒకటి లోపల ఉంటుంది.

చలికాలంలో తాబేలు పోయే సుదీర్ఘ నిద్రకి ఫ్రిజ్ వాడతామంటే మన వాళ్ళెవరూ నమ్మరు. వెట్ (పశువైద్యుడి) దగ్గర చూపించి, తిండి ఆపి పొట్ట ఖాళీ చేయించి, 5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండే విడి ఫ్రిజ్‌లో డబ్బాలో ఉంచుతాం. గాలి కోసం రోజూ తలుపు తీస్తాం, బరువు తూస్తాం. మొదటిసారి నేను చాలా టెన్షన్ పడ్డాను. ఇంగ్లండ్ షెడ్డులో చలి ఒకరోజు 2, ఒకరోజు 12 డిగ్రీలు ఉంటుంది. దానికన్నా ఫ్రిజ్ చాలా నమ్మకమైనదని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను.

ఈ జాతి 50 ఏళ్ళు దాటి బతుకుతుంది. తిరిగి ఇండియా వెళ్ళే ఆలోచన ఉన్న తెలుగు కుటుంబాలు కొనే ముందే దీని గురించి మాట్లాడుకోండి. సైటిస్ అనుమతులు లేకుండా దీన్ని దేశం దాటించడం కుదరదు. మేము వెళ్ళాల్సి వస్తే పిల్లను ఇచ్చిన పెద్దావిడే వెనక్కి తీసుకుంటానని మాటిచ్చింది.

వచ్చే వేసవిలో పెరట్లో పాలికార్బొనేట్ కప్పున్న చిన్న ఆవరణ కడుతున్నాం, పైన కాకులు, నక్కలు దూరకుండా గట్టి జాలీతో. ఈ చెక్క పెట్టె అప్పుడు చలి రోజులకి మాత్రమే. ట్యూబు, థర్మోస్టాట్ మాత్రం అక్కడికీ తీసుకెళ్తాం.