పాత కే100లో కే1100 ఇంజన్: ఆరేళ్లు నడిపాక

ముందుగా మా ఆవిడ మాట చెబుతాను. ఈ పాత మోటార్‌సైకిల్ విషయంలో నాకన్నా నిష్పక్షపాతంగా మాట్లాడగలిగేది ఆవిడే. ఇంజన్ మార్చిన ఏడాది ఇద్దరం, రెండు పెట్టెల సామానుతో ఆల్ప్స్ ఎక్కి దిగి వచ్చాం. ఇంటికి చేరి హెల్మెట్ తీస్తూ, "ఇదివరకు కొండ ఎక్కుతున్నంతసేపూ మీ ఎడమ కాలు కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉండేది. ఈసారి ఊరుకుంది" అంది. నేను రాయబోయే సమీక్షలో సగం అక్కడే అయిపోయింది.

బండి 1986 నాటి బీఎండబ్ల్యూ కే100ఆర్‌టీ. మ్యూనిక్ వచ్చిన కొత్తలో కొన్నాను. నాలుగు సిలిండర్లను నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టిన ఇంజన్, 987 సీసీ. హెడ్ (వాల్వులుండే పైభాగం) ఎడమవైపు, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) కుడివైపు ఉంటాయి. చైను లేదు, వెనక చక్రానికి షాఫ్ట్. చూడటానికి ఒక దిమ్మెలా ఉంటుంది కాబట్టి అభిమానులు దీన్ని 'ఎగిరే ఇటుక' అంటారు. పాత ఇంజన్ పాడవడం పూర్తిగా నా తప్పే. ఒక జూలైలో కూలెంట్ తగ్గుతున్నా పట్టించుకోకుండా నడిపాను. హెడ్‌కూ సిలిండర్లకూ మధ్య బిగించే పొర, హెడ్ గాస్కెట్, పోయింది. ఆయిల్ మూత విప్పితే లోపల మజ్జిగ కవ్వానికి అంటుకున్న వెన్నలా తెల్లటి ముద్ద. రెండు సిలిండర్లలో కంప్రెషన్ లేదు. బాగు చేయించడానికి అయ్యే ఖర్చుతో, యాక్సిడెంట్ అయిన ఒక 1993 కే1100ఎల్‌టీ మొత్తంగా వచ్చేలా ఉంది. అదే కొన్నాను.

రెండూ ఒకే కుటుంబం. పిస్టన్ నడిచే దూరం రెండింటిలోనూ 70 మిల్లీమీటర్లే. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, మాత్రం 67 నుంచి 70.5కు పెరిగింది, దాంతో 1092 సీసీ అయింది. సిలిండర్‌కు రెండు వాల్వులు ఉన్నచోట నాలుగు వచ్చాయి. శక్తి 90 నుంచి 100 హార్స్‌పవర్‌కు మాత్రమే చేరింది. పది హార్స్‌పవర్ కోసం ఎవరూ ఇంజన్ దించరు. టార్క్, అంటే తిప్పే బలం, 86 న్యూటన్ మీటర్ల నుంచి 107కు పెరగడం, అదీ పాత ఇంజన్‌కన్నా తక్కువ ఆర్‌పీఎంలోనే అందడం అసలు లాభం. మా ఆవిడ గమనించింది దీన్నే. పాత ఇంజన్‌తో మూడో గేరుకు దిగాల్సిన మలుపుల్లో ఇప్పుడు నాలుగులోనే లాగేస్తుంది.

ఇంజన్ దించడం అన్నాను కానీ ఈ బండిలో నిజానికి ఇంజన్‌ను దించరు. దాని కింద జాకీ పెట్టి, బోల్టులు విప్పి, బండినే దాని మీద నుంచి పైకి ఎత్తుతారు. ఎత్తిన ఫ్రేమును ముందు చక్రం మీద తోపుడుబండిలా తోసుకుపోతే, నేల మీద ఇంజన్ మిగులుతుంది. ఇద్దరం మధ్యాహ్నానికి ఆ పని పూర్తి చేశాం. ఇంత సులువా అనుకున్నాను. ఆ తరువాత వైరింగ్ మూడు వారాంతాలు తినేసింది.

పాత బండిలో పెట్రోలు ఎంత చిమ్మాలో నిర్ణయించేది గాలి ప్రవాహానికి ఊగే ఒక రేకు తలుపు. కే1100లో ఆ తలుపే లేదు. థ్రాటిల్ ఎంత తెరుచుకుంది, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోంది అన్నది చూసి ఒకే కంప్యూటర్ ఇంజెక్షన్‌నూ ఇగ్నిషన్‌నూ నడుపుతుంది. కాబట్టి ఎయిర్‌బాక్స్, వైర్ల కట్ట, కంప్యూటర్, సైలెన్సర్ అన్నీ రెండో బండివే కావాలి. ఉత్త ఇంజన్ ఒక్కటే కొని, మిగతావి ఒక్కొక్కటిగా వెతుక్కున్నవాళ్లను చూశాను. బండి మొత్తం కొనడమే చవక. మిగిలిన భాగాలు అమ్మితే నాకు దాదాపు సగం డబ్బు తిరిగి వచ్చింది.

గేర్‌బాక్స్ నాదే ఉంచాను. విడదీసినప్పుడు క్లచ్ ప్లేటు జారే షాఫ్ట్ పళ్లను చూసి గుండె జారింది. గ్రీజు ఎండి ఎర్రటి పొడి అయిపోయింది. వెడల్పుగా ఉండాల్సిన పళ్లు అరిగి రంపపు పళ్లలా మొనదేలాయి. ఈ తరం కే బండ్లకు ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు, అప్పుడప్పుడు విప్పి గ్రీజు పెట్టకపోతే ఇంతే. అరిగిన షాఫ్ట్‌తోనే మరికొంత టార్క్ వేసి ఉంటే ఎక్కడ ఆగిపోయేదో ఊహించగలను. షాఫ్టూ క్లచ్ ప్లేటూ మార్చాను. వెనకవైపు ఆయిల్ సీలు, క్లచ్ నట్టు కింది రబ్బరు రింగు కూడా అప్పుడే మార్చాలి. అవి పదిహేను యూరోల సరుకు, మార్చకపోతే మళ్లీ గేర్‌బాక్స్ విప్పాల్సిన పని.

ఇక చెడ్డ మాటలు. 'కొత్త' ఇంజన్ అంటున్నాను కానీ బిగించేనాటికి దానికీ పాతికేళ్లు నిండాయి. ఈ సంగతి నాకు ఆస్ట్రియా ఆల్ప్స్‌లోని గ్రోస్‌గ్లాక్నర్ రోడ్డు మీద గుర్తుకొచ్చింది. ఆ దారి 2,504 మీటర్ల ఎత్తున హోక్‌టోర్ దగ్గర కొండను దాటుతుంది, దారిపొడవునా 36 హెయిర్‌పిన్ మలుపులు. వాన వెలిసిన మధ్యాహ్నం, శిఖరానికి కొంచెం కింద, ఒక మలుపులో ఇంజన్ ఆగింది. బండి ఇంకా గేరులో దొర్లుతూనే ఉంది, ఆర్‌పీఎం ముల్లు మాత్రం సున్నాకు పడిపోయింది. ఇరవై నిమిషాలు ఆగితే స్టార్టయింది. రెండు కిలోమీటర్లు వెళ్లి మళ్లీ ఆగింది. అలా చల్లారబెట్టుకుంటూ, ఆవులు మేస్తుంటే చూస్తూ, చీకటిపడ్డాక కింది ఊరు చేరాం. తప్పు క్రాంక్ ముందు కొసన ఉండే హాల్ సెన్సర్లది, క్రాంక్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేవి అవే. వాటి తీగల మీది తొడుగు వేడికి ఎండి, చేత్తో పట్టుకుంటే ఉల్లిపొరలా ఊడి వచ్చింది. ఇంజన్ బయట బల్ల మీద ఉన్నప్పుడే మార్చి ఉంటే అరగంట పని. కంటికి బాగుంది కదా అని వదిలేశాను.

వాల్వు క్లియరెన్స్, అంటే వాల్వుకూ దాన్ని నొక్కే క్యామ్‌షాఫ్ట్‌కూ మధ్య ఉంచాల్సిన సన్నటి సందు, సరిచేసే విషయంలో పాత ఇంజనే నయం. దానిలో పైన ఉండే చిన్న బిళ్లలు మారిస్తే చాలు, క్యామ్‌షాఫ్ట్ తీయనక్కర్లేదు. పదహారు వాల్వుల హెడ్‌లో బిళ్లలు లేవు, వేర్వేరు మందాల గిన్నెలు ఉంటాయి, అవి మార్చాలంటే క్యామ్‌షాఫ్టులు ఊడదీయాలి. ఆరేళ్లలో ఒక్కసారే ఆ అవసరం పడింది, కానీ ఆ ఒక్క శనివారం నాకు ఇప్పటికీ గుర్తే. 130 కిలోమీటర్ల వేగం దగ్గర హ్యాండిల్‌లో పుట్టే సన్నటి జివ్వుమనే వణుకు ముందూ ఉంది, ఇప్పుడూ ఉంది. వేసవిలో ట్రాఫిక్‌లో మోకాళ్లకు తగిలే వేడి కాస్త పెరిగిందనే అనిపిస్తుంది. సైడ్ స్టాండ్ మీద రాత్రంతా ఉంచి పొద్దున స్టార్ట్ చేస్తే వచ్చే నీలిపొగ మాత్రం బాగా తగ్గింది, పక్కింటి పెద్దాయన మళ్లీ పలకరిస్తున్నాడు. మైలేజీలో తేడా లేదు, వంద కిలోమీటర్లకు ఆరు లీటర్లు.

కాగితాల సంగతి. జర్మనీలో ఇంజన్ ఇలా మారిస్తే బండికున్న అనుమతి చెల్లదు. విడిగా పరీక్ష చేయించి, పత్రాల్లో రాయించుకోవాలి. నేను స్పానర్ పట్టకముందే పరీక్షకుడిని కలిసి అడిగాను, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే. ముప్పై ఏళ్లు దాటిన బండ్లకు ఇచ్చే చారిత్రక నంబరు ప్లేటు నిలుస్తుందా అన్నది నా భయం. బండి రిజిస్టరైన మొదటి పదేళ్లలో చేయగలిగిన మార్పులాంటిదైతే ఫరవాలేదన్నాడు. 1986 బండికి 1993 ఇంజన్, గీత దాటలేదు. బ్రేకులను నడిపి చూసి, సంతకం పెట్టాడు. మన దగ్గర బుల్లెట్‌కు ఇంకో ఇంజన్ వేసుకునేవాళ్లూ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందు అనుమతి తీసుకోవాలి. మా గుంటూరు షెడ్లలో ఈ మాట ఎత్తితే నవ్వుతారు, బీమా క్లెయిమ్ రోజున ఎవరూ నవ్వరు.

నలభై ఏడు వేల కిలోమీటర్లు అయ్యాయి. మీ పాత ఇంజన్ బాగా నడుస్తుంటే దాన్ని ముట్టుకోకండి, ఆ డబ్బుతో షాక్ అబ్జార్బర్లూ టైర్లూ వేయించుకోండి, తేడా ఎక్కువ తెలుస్తుంది. ఎలాగూ విప్పాల్సి వచ్చి, చలికాలమంతా ఖాళీ గరాజు ఉంటే మాత్రం కే1100 కొనండి. కొనేముందు ముందువైపు మూత విప్పి, ఆ సెన్సర్ తీగను వేళ్లతో ఒకసారి వంచి చూడండి.