ఇంటి ఫొటోలకు రెడీమేడ్ ఫ్రేమా, పటాల కొట్టా?

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల దేవుడి పటాలు అమ్మే, ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్లకు కొదవ లేదు. అయినా ఇంటి ఫొటోలు నాలుగైదు ఒకేసారి గోడకెక్కించాలంటే, రెడీమేడ్ ఫ్రేములు కొని మౌంటు అట్ట (ఫొటో కనిపించేలా మధ్యలో కిటికీ కోసి, ఫొటో మీద పెట్టే అట్ట) మనమే కోసుకుంటే కలిసొస్తుందేమోనన్న ఆలోచన కలుగుతుంది.

ఖర్చు: రెడీమేడ్ ఫ్రేము సాధారణంగా చవక.
కొట్టులో చట్రానికి, అద్దానికి, మౌంటుకు, కూలికి కలిపి చెల్లించాలి.

శ్రమ: కొట్టులో ఫొటో ఇచ్చి వస్తే చాలు.
ఇంట్లోనైతే 5×7 అంగుళాల ఫొటోకు మౌంటు కిటికీని 4¾×6¾ అంగుళాలకు కోయాలి. కొత్త బ్లేడు, ఇనుప స్కేలు తప్పనిసరి. మొదటి అట్టలో కోత మూల దాటిపోవడం మామూలే.

ముప్పు: మా తాతయ్య ఫొటోను మౌంటు లేకుండా అద్దానికి ఆనించి కట్టారు. వానాకాలపు చెమ్మకు అది అద్దానికి అతుక్కుపోయి, విడదీయబోతే తలపాగా అంచున బొమ్మ పొర లేచివచ్చింది. మౌంటు అందం కోసమే కాదు, ఫొటోకూ అద్దానికీ మధ్య ఎడం కోసం. ఇంట్లో ఆ జాగ్రత్త మన చేతిలో ఉంటుంది; కొట్టులో మాత్రం ఫొటోను పాడుచేయని ఆమ్లరహిత అట్ట కావాలని, ఫొటోను జిగురుతో అంటించకుండా కాగితపు మూలల్లో (ఫొటో కొనలు దూర్చే చిన్న జేబుల్లో) నిలపమని ముందే గట్టిగా చెప్పాలి.

పిల్లల ఫొటోల వంటి మామూలు సైజులకు రెడీమేడ్ ఫ్రేమే మేలు. పెద్ద పెళ్లి గ్రూపు ఫొటోలకు, కొలత కుదరని పాతవాటికి కొట్టే తగినది. అయితే అక్కడ ఇవ్వవలసింది స్కాన్ చేయించిన ప్రతిని, అసలును కాదు.