అర్క అనామిక బెండ విత్తనం: పెరటికి, మిద్దెతోటకు ఎంతవరకు నప్పుతుంది?

ఇంటి అవసరానికి బెండ వేసుకునేవాళ్లకు మేం ముందుగా సూచించేది అర్క అనామిక. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ సాగు బెండను ఓ అడవి జాతితో సంకరపరిచి తెచ్చిన రకమిది. హైబ్రిడ్ కాదు, సూటి రకం. అందుకే ఒకసారి కొంటే తర్వాత విత్తనం మనమే కట్టుకోవచ్చు. కాయ ముదురాకుపచ్చగా, నిలువు గీతలతో నున్నగా ఉంటుంది, గుచ్చుకునే నూగు తక్కువ.

ప్యాకెట్ కొనేటప్పుడు లేబుల్ మీద గడువు తేదీ, మొలక శాతం చూడండి. బెండకు ధ్రువీకరణ ప్రమాణం కనీసం 65 శాతమే, కాబట్టి ప్రతి చోటా రెండేసి గింజలు వేసి, బలమైన మొక్క ఒక్కటే ఉంచాలి. మామూలు గింజలైతే రాత్రంతా నానబెట్టి 2 సెంటీమీటర్ల లోతున నాటాలి. గులాబీ రంగు మందు పట్టించిన గింజల్ని నానబెట్టొద్దు, మందంతా నీళ్లలోకి పోతుంది. వెచ్చటి రోజుల్లో వారంలోపు మొలకలొస్తాయి. చలికాలంలో మాత్రం మొండికేస్తాయి.

మొక్క నడుము ఎత్తు దాటి పెరుగుతుంది, తల్లివేరు లోతుకు దిగుతుంది. 10 అంగుళాల కుండీలో ఈ రకం వేసి కాయలు రాలేదంటే తప్పు విత్తనానిది కాదు. 15 అంగుళాల లోతున్న గ్రోబ్యాగ్‌లో ఒక మొక్క, నేలలో అయితే మొక్కకూ మొక్కకూ అడుగు దూరం. మట్టిలో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలపాలి. టమాటా, వంకాయ తీసేసిన మట్టినే మళ్లీ వాడితే నులిపురుగు వేళ్లకు బుడిపెలు కట్టించి మొక్కను గిడసబారుస్తుంది.

పల్లాకు తెగులును తట్టుకుంటుందన్నది ఈ రకానికి పెద్ద పేరు. ఇప్పుడా మాటను పూర్తిగా నమ్ముకోకూడదు. తట్టుకునే గుణం చాలాచోట్ల సడలింది, ముఖ్యంగా ఈ తెగులును మోసుకొచ్చే తెల్లదోమ ఉధృతంగా ఉండే వేసవి పంటలో. ఈనెలు పసుపుపచ్చగా వలలా తేలి, వాటి మధ్య ఆకుపచ్చ మచ్చలు మిగిలితే అదే తెగులు. దానికి మందు లేదు, మొక్కను వెంటనే పీకేయాలి. ముందుజాగ్రత్తగా పసుపు జిగురు అట్టలు కట్టి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఆకుల అడుగున తడిసేలా కొట్టాలి.

విత్తిన 40–45 రోజులకు పూత. పువ్వు విచ్చిన 5–7 రోజుల్లో కాయ కోతకొస్తుంది. కొస వంచితే టప్పున విరగాలి, వంగిపోతే ముదిరినట్టే. రోజు విడిచి రోజు కత్తెరతో కోయండి. ఒక్క కాయ ముదిరినా మొక్క బలం గింజకు మళ్లి కొత్త పూత తగ్గుతుంది. పావుకిలోకు 16–20 కాయలు పడతాయి, నలుగురున్న ఇంటికి పన్నెండు మొక్కలకు తగ్గకుండా వేసుకోవాలి.

విత్తనానికైతే తెగులు సోకని మొక్కను ఎంచుకుని, విచ్చబోయే మొగ్గలకు ముందురోజు సాయంత్రమే పల్చటి గుడ్డ సంచి కట్టాలి. పక్కన వేరే బెండ ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. కాయ చెట్టునే ఎండి అంచులు పగులుతున్నప్పుడు కోసి, గింజల్ని నీడన ఆరబెట్టి గాలి చొరని సీసాలో పోయండి.