కోల్ట్ 1903, వాల్తర్ పీపీ: నా మనసు ఎటు?

గుంటూరులో మా తాతయ్య నుంచి నాన్నకు, ఆయన నుంచి నాకు లైసెన్సు మార్పించుకుని వచ్చింది కోల్ట్ 1903 పిస్తోలు. విజయవాడలో మా బావ దగ్గర వాల్తర్ పీపీ ఉంది. రెండు పిస్తోళ్లూ .32 తూటావే, మ్యాగజైన్‌లో (పిడిలో దూర్చే తూటాల డబ్బాలో) ఎనిమిదేసి పడతాయి.

కోల్ట్ అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ రూపకల్పన. తూటాను పేల్చే సుత్తి, అంటే హ్యామర్, పైన ముందుకీ వెనక్కీ జరిగే స్లైడ్ లోపలే దాగి ఉంటుంది కాబట్టి బయటికి ఏమీ పొడుచుకురాదు, నున్నటి నల్లరాయిలా ఉంటుంది. పిడి వెనక ఉన్న సేఫ్టీ అరచేతిలో నొక్కుకుంటేనే పేలుతుంది. విప్పడం మాత్రం ఓపిక పని: స్లైడ్‌ను గుర్తు దాకా లాగి బ్యారెల్‌ను (గొట్టాన్ని) తిప్పాలి. నాకు మొదట్లో అరగంట పట్టేది.

1929లో వచ్చిన వాల్తర్ అక్కడే గెలుస్తుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే గార్డును కిందికి లాగి, స్లైడ్‌ను వెనక్కి లాగి పైకెత్తితే చాలు, ఊడి వస్తుంది. డబుల్ యాక్షన్ కూడా, అంటే మొదటి తూటాకు హ్యామర్‌ను వేలితో ఎత్తనక్కర్లేదు. తెలివైన యంత్రమే, ఒప్పుకుంటాను.

అయినా నా ఓటు కోల్ట్‌కే. ఆ పాత బ్లూయింగ్ (ఉక్కుకు పట్టించే నీలినలుపు పూత) రంగు చూస్తే కళ్లు తిప్పుకోలేను. అయితే కృష్ణ ఒడ్డు తేమకు దాన్ని తోలు ఒరలో పెట్టి మరిచిపోకూడదు. తోలు చెమ్మ పీల్చి తుప్పు పట్టిస్తుంది. పలచగా నూనె రాసి, ఖాళీ చేసి, ఇనప్పెట్టెలో తాళం వేయాలి. తూటాలు వేరే చోట.

ఎన్నికలొస్తే పోలీసు స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకుంటాం. తిరిగొచ్చిన రోజు ముందు నూనె గుడ్డే తీస్తాను.