హోరస్ హెరెసీ సెట్టు చవగ్గా కనిపిస్తోందా? కొనేముందు ఇది చదవండి

వార్‌హ్యామర్ 40,000 నవలలు చదివేవాళ్లు మనలో ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ, 2024లో స్పేస్ మెరీన్ 2 ఆట వచ్చాక "ఈ కథలు ఎక్కడ మొదలుపెట్టాలి" అని అడిగేవాళ్లు మాత్రం బాగా పెరిగారు. ఎవరిని అడిగినా ఎక్కువగా చెప్పేది హోరస్ హెరెసీ మొదటి మూడు పుస్తకాల గురించే. సరిగ్గా ఆ మూడింటికే ఇప్పుడు దొంగ ప్రింట్లు వేసి "కొత్త పుస్తకాలు, సెట్ ఆఫ్ 3" అని అమ్ముతున్నారు. నేను కొన్న సెట్టు అలాంటిదే. డబ్బు సంగతి పక్కన పెడితే, ఆ దొంగ ప్రింటు నాకు కథనే పాడుచేసింది, ఆ కోపంతోనే ఇంత వివరంగా రాస్తున్నా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వార్‌హ్యామర్ 40,000 అనేది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హమ్‌కి చెందిన గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1987లో తెచ్చిన ఆట, చిన్న చిన్న బొమ్మల సైన్యాలతో టేబుల్ మీద ఆడేది. ఆ ప్రపంచంలో జరిగే నవలల్ని బ్లాక్ లైబ్రరీ అనే వాళ్ల సొంత ప్రచురణ విభాగమే వేస్తుంది. మనిషి జాతి మొత్తాన్ని ఏలే చక్రవర్తి పదివేల ఏళ్లుగా బంగారు సింహాసనం మీద చావూ బతుకూ కాకుండా పడుంటాడు, ఆయన్ని నిలబెట్టడానికి రోజూ వెయ్యి ప్రాణాలు బలి ఇస్తుంటారు, ఇది అక్కడ మామూలు రోజు. అంత చీకటి కథలు. ఆయనకి ఆ గతి ఎలా పట్టిందో చెప్పేదే హోరస్ హెరెసీ: చక్రవర్తికి ఎంతో ఇష్టమైన కొడుకు హోరస్ తండ్రి మీదే తిరగబడతాడు. 2006లో డాన్ అబ్నెట్ రాసిన హోరస్ రైజింగ్‌తో మొదలైంది, రెండోది గ్రాహమ్ మెక్‌నీల్ ఫాల్స్ గాడ్స్, మూడోది బెన్ కౌంటర్ గెలాక్సీ ఇన్ ఫ్లేమ్స్.

ఇక అసలు సంగతి. నేను కొన్నది అందరం వాడే ఒక పెద్ద షాపింగ్ సైట్‌లో, ఒక సెల్లర్ దగ్గర. పేర్లు రాయట్లేదు, రాసినా లాభం లేదు, అవే ఫొటోలతో అదే సెట్టు వేరే వేరే సెల్లర్ల పేర్ల మీద ఇంకో రెండు మూడు చోట్ల కనిపిస్తోంది. మూడు పుస్తకాలూ కలిపి ధర ఎంత పెట్టారంటే, ఒరిజినల్ ఒక్కటి కొనడానికి కూడా అది చాలదు. ఇంత చవకైతే దొంగదే కదా అనేవాళ్లకి ఒక మాట. మనకి చవక పుస్తకాలు కొత్త కాదు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, కిలోల లెక్కన అమ్మే బుక్ ఎగ్జిబిషన్లలో, విదేశాల్లో మిగిలిపోయిన స్టాకు అసలైనదే అతి తక్కువకి దొరుకుతుంది. కాబట్టి ధర ఒక్కటే చూసి ఏదీ తేల్చలేం.

మొదటి పుస్తకం కవర్ చూస్తే బాగానే ఉంది, కాస్త మసగ్గా, నలుపు ఉండాల్సిన చోట ముదురు బూడిద రంగు, అంతే. లోపల విషయసూచిక తెరిస్తే అధ్యాయాల పేర్లున్నాయి గానీ ఎదురుగా పేజీ నంబర్లు లేవు, ప్రతి పేరు కింద ఒక గీత ఉంది. ఈబుక్‌లో నొక్కితే ఆ అధ్యాయానికి తీసుకెళ్లే లింకులు అవి, అలాగే అచ్చు వేసేశారు! అది చాలదన్నట్టు చివరి పేజీల్లో "ఈబుక్ లైసెన్స్" ఉంది. బ్లాక్ లైబ్రరీ తన ఈబుక్స్ చివర పెట్టే షరతుల పత్రం అది, ఈ ఫైల్‌ని మీరు ఎలా వాడుకోవచ్చు, ఎలా వాడకూడదు అని. కాగితం పుస్తకంలో దానికి పనేంటి? కాపీ కొట్టినవాడు కనీసం ఆఖరి పేజీ వరకు తిప్పి చూడలేదన్నమాట.

రెండోదానితో వచ్చింది అసలు తంటా. అది ఈబుక్ నుంచి కాకుండా పాత పేపర్‌బ్యాక్‌ని స్కాన్ చేసి తీసినట్టుంది, ఇంగ్లిష్ ఎల్ అక్షరం ఉండాల్సిన చోట అక్కడక్కడా 1 అంకె పడింది, పేజీలు ఒక పక్కకి ఒరిగి ఉన్నాయి, కాగితం పల్చన కావడంతో వెనక పేజీ అక్షరాలు ముందుకి కనిపిస్తాయి. ఇవన్నీ సర్దుకుని చదువుతున్నా. (కథ తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఈ పేరా, తర్వాతి పేరా వదిలేయండి.) డేవిన్ గ్రహం చందమామ మీద హోరస్‌కి విషపు కత్తితో గాయమవుతుంది. వైద్యులు చేతులెత్తేస్తారు, తన వాళ్లే అతన్ని డేవిన్ గ్రహం మీదున్న సర్పాల గుడికి తీసుకెళ్లి వదిలిపెడతారు, తలుపులు మూసుకుంటాయి. పేజీ తిప్పితే హోరస్ బయటికొచ్చి నిలబడి ఉన్నాడు, మనిషి మారిపోయి!

మధ్యలో ఒక ఫారం (కలిపి మడిచే పేజీల కట్ట) మొత్తం లేదు, పదహారు పేజీలు ఎగిరిపోయాయి. పోయినవి ఏ పేజీలో చూడండి. గుడి లోపల హోరస్‌కి వచ్చే కల, చనిపోయిన స్నేహితుడి రూపంలో ఎరెబస్ అనే కుట్రదారు వచ్చి భవిష్యత్తు చూపించడం, అది మోసమని చెప్పడానికి హోరస్ సోదరుడు మాగ్నస్ అడ్డుపడటం, అంతా విన్నాక కూడా హోరస్ తన దారి తను ఎంచుకోవడం. మొత్తం 54 పుస్తకాల సిరీస్ ఆ ఒక్క మలుపు మీదే నిలబడి ఉంది. అసలు పుస్తకంలోనే హోరస్ మరీ తొందరగా మారిపోయాడని ఫ్యాన్స్ ఇన్నేళ్లుగా గొణుగుతుంటారు, నా కాపీలో అయితే పేజీ తిప్పేలోపు మారిపోయాడు. ఆ భాగం తర్వాత ఈబుక్ కొనుక్కుని చదివాను గానీ, మొదటిసారి చదివినప్పుడు రావాల్సిన ఆ ఊపు ఇంకేం వస్తుంది. మూడోది తెరవగానే గమ్ము వదిలి నాలుగైదు కాగితాలు చేతిలోకి వచ్చాయి, దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

ఈ పుస్తకాలకే ఎందుకిలా అంటే నాకు అర్థమైనంతలో ఇదీ. 2006 నుంచి 2019 దాకా 54 పుస్తకాలు, దాని ముగింపుగా సీజ్ ఆఫ్ టెర్రా అని ఇంకో వరస, అందులో ఆఖరి నవల ఒక్కటే మూడు సంపుటాలు. ఇన్నిటినీ ఎప్పుడూ అచ్చులో ఉంచడం ఏ ప్రచురణకర్తకైనా కష్టమే, అందుకని చాలావాటికి స్టాకు అయిపోతే మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పలేం. లిమిటెడ్ ఎడిషన్లయితే అమ్మకానికి పెట్టిన కాసేపటికే అయిపోతాయి. సెకండ్ హ్యాండ్ రేట్లు ఆకాశంలో ఉంటాయి. పైగా ఇది సెట్టు పిచ్చి ఉన్న జనం చదివే సిరీస్, వెన్ను మీద నంబర్లు వరసగా షెల్ఫ్‌లో కనిపించాలి మనకి. దొంగ ప్రింటు వేసేవాడికి ఇంతకంటే మంచి గిరాకీ ఎక్కడ దొరుకుతుంది.

స్టార్లు చూసి మాత్రం నమ్మకండి. ఈ సైట్లలో ఒకే పుస్తకం పేపర్‌బ్యాక్, హార్డ్‌బ్యాక్, ఈబుక్ రివ్యూలన్నీ ఒకే కుప్పలో వేస్తారు, సెల్లర్ ఎవరన్నది కూడా చూడరు. నాలుగైదు స్టార్లు ఇచ్చినవాళ్లలో ఎక్కువమంది కథ గురించి ఇచ్చారు. మీరు చూడాల్సింది ఒక స్టార్, రెండు స్టార్ల రివ్యూలు, అందులోనూ ఫొటో పెట్టినవి. నేను ఇప్పుడు వెళ్లి చూస్తే అక్కడ ఇదే గోల ఇంకో ఇద్దరు ముగ్గురు పెట్టారు, కాగితం ఫొటోలతో సహా.

కొనేముందు సెల్లర్‌కి ఒక మెసేజ్ పెట్టి కాపీరైట్ పేజీ, వెనక అట్ట ఫొటోలు అడగండి. అసలు పుస్తకం ఉన్నవాడికి అది నిమిషం పని. వెనక బార్‌కోడ్ దగ్గరున్న 13 అంకెల ఐఎస్‌బీఎన్ (పుస్తకం గుర్తింపు నంబర్), లోపలున్న నంబర్‌తో కలవాలి. పేపర్‌బ్యాక్‌కి ఒక నంబర్, ఈబుక్‌కి ఇంకొకటి ఉంటాయి కాబట్టి ఈబుక్ నుంచి దించినవాడు ఇక్కడ దొరికిపోతాడు. అయితే నంబర్లు కలిసినంత మాత్రాన అసలుదే అనుకోకండి, స్కాన్ చేసినవాడికి ఆ పేజీ కూడా వస్తుంది కదా, నా రెండో పుస్తకంలో రెండూ చక్కగా కలిశాయి. సైజు కూడా అడగండి. పాత మాస్ మార్కెట్ పేపర్‌బ్యాక్‌లు చేతిలో ఇమిడేంత చిన్నవి, నాకొచ్చినవి మన తెలుగు నవలల్లాగా డెమ్మీ సైజులో ఉన్నాయి. బిల్లు కూడా చూడండి. మన దేశంలో అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు, నాకొచ్చిన బిల్లులో "స్టేషనరీ" అని రాసి జీఎస్టీ వేశారు. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసుకోండి, వచ్చిన రోజే పేజీలన్నీ ఒకసారి గబగబా తిప్పి నంబర్లు వరసలో ఉన్నాయో లేదో చూడండి. తర్వాత చదువుదాంలే అని షెల్ఫ్‌లో పెడితే ఈలోపు రిటర్న్ గడువు అయిపోతుంది, వాళ్ల లెక్కంతా దాని మీదే.

సెల్లర్ నాకు చెప్పిన మొదటి జవాబు "ఇది ఇండియన్ ఎడిషన్ సార్, క్వాలిటీ ఇలాగే ఉంటుంది" అని. ఇండియన్ ఎడిషన్ అయితే ఎవరు అచ్చు వేశారో, ఏ దేశాల్లో అమ్మడానికో లోపల రాసి ఉండాలి కదా అంటే సమాధానం లేదు. రెండోది "రిటర్న్ విండో క్లోజ్ అయింది". ఈ మాట విని ఊరుకోకండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల ప్రకారం సరుకు లోపంతో ఉన్నా, నకిలీదైనా, చెప్పిన లక్షణాలు లేకపోయినా సెల్లర్ వెనక్కి తీసుకోననడానికి, డబ్బు తిరిగి ఇవ్వననడానికి వీల్లేదు. సైట్ వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. కస్టమర్ కేర్ చాట్‌లో వాదించి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు, గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఐడీ సైట్‌లో కింద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, నేరుగా దానికే రాయండి. "బాగాలేదు" అని కాకుండా "పైరేటెడ్ కాపీ" అని స్పష్టంగా రాయండి, ఫొటోలు పెట్టండి. అక్కడా పని కాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలన్నా 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కట్టక్కర్లేదు.

నా కేసులో గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాశాక సగం డబ్బు వాలెట్‌లో వేసి "రిజాల్వ్డ్" అని మూసేశారు. వాలెట్ వద్దు, మొత్తం అకౌంట్‌లోకి కావాలని మళ్లీ తెరిపించాను, ఇంకా నడుస్తోంది.

మరి ఎక్కడ కొనాలి అంటారా? ఈ సిరీస్ వరకు ఈబుక్కే మేలని నా అభిప్రాయం, అచ్చులో లేనివి కూడా చాలావరకు దొరుకుతాయి. కాగితమే కావాలంటే ముందు నగరాల్లో పెద్ద పుస్తకాల షాపులో అడిగి తెప్పించుకోండి, లేదా బుక్ ఫెయిర్‌లో చేత్తో పట్టుకుని చూసి కొనండి. వరసలో అన్నీ కొనాలన్న కంగారు కూడా అక్కర్లేదు. మొదటి మూడు చదివాక మధ్యలో చాలావాటిని నిశ్చింతగా దాటేయొచ్చు. హెరెసీ గోల లేకుండా ఈ ప్రపంచం రుచి చూడాలంటే అబ్నెట్ ఐసెన్‌హార్న్ నవలల్లో మొదటి మూడున్నాయి, ఒకే సంపుటంగా కూడా వచ్చాయి, నన్నడిగితే కొత్తవాళ్లకి అవే ముందు.

ఇంకొకటి, ఇది మోసం కాదు గానీ జేబుకి చిల్లే. పాత లిమిటెడ్ ఎడిషన్ చిన్న నవలల్ని కొందరు "రేర్" అని చెప్పి వేలల్లో అడుగుతున్నారు. వాటిలో చాలా కథలు తర్వాత మామూలు సంకలనాల్లో వచ్చేశాయి, ఉదాహరణకి ఆరీలియన్ అనే చిన్న నవల ఐ ఆఫ్ టెర్రా అనే సంకలనంలో ఉంది. అట్ట కోసం కొంటే మీ ఇష్టం, కథ కోసమైతే ముందు ఆ పేరు ఏ సంకలనంలో ఉందో వెతికి చూసుకోండి.